లీవెన్ పక్క కుర్చీ

సాండ్‌హూక్ అనే రేవు ఊరి చర్చి ముందు నీలం బోర్డు మీద "ఎవరైనా రావచ్చు, ఎలా ఉన్నవాళ్లు అలాగే రావచ్చు" అని రాయించింది తన్నెకె. అదేమీ సులువుగా జరిగిన పని కాదు. శరణార్థులకు బసగా ఒక ఓడను తెచ్చి రేవులో కట్టిన ఏడాది సంఘపెద్దలందరితో పోట్లాడి, అందులోనూ తన బావగారు యోబ్‌తో నోరు నొప్పి పుట్టేదాకా వాదించి రాయించింది. ఓడలో వాళ్లు ఎవరో ఏమిటో, ఏ దేవుడికి మొక్కుతారో, రేపు మన బెంచీల్లో మనకే చోటుండదని యోబ్ అన్నాడు. ఈ ఊళ్లో పడవ దిగకుండా ఆకాశం నుంచి ఊడిపడ్డ వాళ్లు ఎవరున్నారో చూపించమని తన్నెకె అడిగింది. యోబ్ చూపించలేకపోయాడు. ఆ కసి ఆయనకు లోపల ఉండిపోయింది.

తన్నెకె ఆ సంఘంలో డీకన్. క్రీస్తు కడపటి విందు గుర్తుగా జరిగే ప్రభుబల్ల సర్దడం, రొట్టె కోయడం, గిన్నెలో వైన్ పోయడం, మంచాన పడ్డవాళ్లను చూసి రావడం ఆమె పనులు. నోరు పెద్దదే, కానీ చెయ్యి అంతకంటే పెద్దది. ఓడలోంచి మొదట వచ్చిన ఎరిత్రియా ఆవిడ లెతెబ్రహాన్ చర్చి గడప దగ్గర చెప్పులు విప్పి, రాతినేల మీద వట్టికాళ్లతో నడిచి వచ్చి కూర్చుంటే ఊరు ముసిముసిగా నవ్వింది. మరుసటి ఆదివారానికి తన్నెకె ఆమెకు మందపాటి ఉన్ని మేజోళ్లు అల్లి తెచ్చింది. నవ్విన వాళ్లలో ఇద్దరు ముసలమ్మలు, కాళ్లకు హాయిగా ఉంటుందని, తామూ బూట్లు విప్పి కూర్చోవడం మొదలుపెట్టారు. అలా ఆ చర్చి కొంచెం కొంచెం మారుతూ వచ్చింది.

మారుతున్నందుకు తన్నెకెకు గర్వంగా ఉండేది. ఉండదా మరి. అయితే గర్వం ఊరికే పోతుందా? ఆ బోర్డు చదువుకుని ఒక ఆదివారం లీవెన్ కూడా వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు.

లీవెన్ పరాయివాడు కాదు. ఆ ఊళ్లోనే పుట్టాడు. కుర్రతనంలో తన్నెకె భర్త మారీనుస్ దగ్గరే ఆల్చిప్పలు పట్టే పడవ పని నేర్చుకున్నాడు, వాళ్లింట్లోనే అన్నం తిన్నాడు, తన్నెకెను పిన్నీ అని పిలిచాడు. తర్వాత సొంత పడవ కొనుక్కున్నాడు, దాంతోపాటు తాగుడూ అలవాటు చేసుకున్నాడు. ఏడేళ్ల క్రితం పొగమంచులో, పూటుగా తాగి, ఆ పడవను రేవు గోడకు గుద్దాడు. వాడు ఈదుకుంటూ బయటికొచ్చాడు. ఆ పడవలో పనికి వెళ్లిన తన్నెకె ఒక్కగానొక్క కొడుకు బాస్తియాన్ రాలేదు. పంతొమ్మిదేళ్ల పిల్లాడు. లీవెన్ జైలుకు వెళ్లాడు, బయటికొచ్చి రోటర్‌డామ్‌లో ఎక్కడో బతికాడు. ఇప్పుడు తల్లి మంచం పట్టిందని, చూసే దిక్కు లేదని తిరిగొచ్చాడు.

వచ్చిన మొదటి వారం తన్నెకె వాడి వైపు చూడలేదు. రెండో వారం చూసింది. వాడు సన్నబడిపోయాడు, జుట్టు నెరిసింది, కాఫీ దగ్గరికి రాకుండా తల దించుకుని వెళ్లిపోయాడు. ఆమెకు జాలి వేయలేదు. వీడికి జుట్టు నెరిసేంత వయసు వచ్చింది, నా కొడుక్కి రాలేదు అనిపించింది. ఆ మాట అనిపించిన దగ్గర్నుంచి ఆమెకు సరిగా నిద్ర లేదు.

అంతటితో ఆగినా బాగుండేది. లీవెన్ పాస్టరమ్మ ఇడా దగ్గరికి వెళ్లి, వచ్చే ప్రభుబల్లకు తానూ రావచ్చా అని అడిగాడు.

సాండ్‌హూక్‌లో ఆ బల్లకు ఒక పద్ధతి ఉంది. ఎవరి బెంచీలో వాళ్లు కూర్చుని తీసుకునేది కాదది. ముందు పొడుగాటి బల్ల వేస్తారు, తెల్లదుప్పటి పరుస్తారు, జనం లేచి వచ్చి చుట్టూ కూర్చుంటారు. ఒకటే గిన్నె. చేతి నుంచి చేతికి పోవాలి, నోటి నుంచి నోటికి పోవాలి, మధ్యలో తెగకూడదు. అందుకే దానికి ముందు గురువారం సాయంత్రం సంఘపెద్దలు వెనక గదిలో కూర్చుంటారు. ఫలానావాడు బల్లకు తగడని ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆ రోజు చెప్పాలి. తాతలనాటి ఆచారం. ఎవరూ ఏమీ చెప్పి చాలా ఏళ్లయింది. కాఫీ తాగి, దాల్చినచెక్క బన్ను తిని, వాతావరణం గురించి నాలుగు మాటలు చెప్పుకుని లేచిపోవడమే.

ఈసారి మాత్రం బుధవారం నాడే యోబ్ తన్నెకె వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు. మొదట కాసేపు బాస్తియాన్ గురించి మాట్లాడాడు. చిన్నప్పుడు తన భుజమెక్కి రేవంతా తిరిగేవాడని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు, తమ్ముడి కొడుకైనా సొంత కొడుకైనా ఒకటే ఆయనకు. తుడుచుకున్నాక అసలు సంగతి చెప్పాడు.

"నువ్వొక్క మాట అను చాలు, తన్నెకె. తల్లివి. నీ మాట మీద మాట్లాడే దమ్ము ఎవరికీ లేదు."

తన్నెకె గిన్నెలు కడుగుతూనే ఉంది.

"ఎవరైనా రావచ్చంటివి. వీడు కూడానా? ఆ బోర్డు దింపించే మాట నేను అనను. నువ్వే అంటావు చూడు" అన్నాడు యోబ్.

ఒకే దెబ్బకు రెండు పిట్టలని ఆమెకు తెలియకపోలేదు. ఇవాళ లీవెన్‌ను ఆపితే బోర్డు మీది మాటకు విలువ ఉండదు. రేపు ఓడలో వాళ్లకు కూడా ఏదో ఒక వంక దొరుకుతుంది. ఒకరి పెళ్లి సంగతి, ఒకరి పాత మతం సంగతి, ఒకరి కాగితాల సంగతి. తెలిసినా ఏం లాభం? బావగారు చెప్పిన మాటే తన కడుపులోనూ ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మారీనుస్ మాట్లాడేదే తక్కువ. కొడుకు పోయాక ఆ తక్కువలోనూ సగం పోయింది. ఏడ్వలేదు కూడా, శవం దొరికిన రోజున కూడా ఏడ్వలేదు. పడవ అమ్మేశాడు, తోటలో ఉల్లిపాయలు వేసుకున్నాడు. ఆ రాత్రి భోజనం దగ్గర మాత్రం ఫోర్కు కింద పెట్టి, "వాడు తాగిన గిన్నెలో నువ్వు తాగుతావా?" అని అడిగాడు. జవాబు కోసం ఆగకుండా ఆయన లేచి తోటలోకి పోయాడు.

గురువారం వెనక గదిలో బన్నులు ఎవరూ ముట్టుకోలేదు. పాస్టరమ్మ ఇడా వయసులో చిన్నది, ఆ ఊరికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు, గొంతు కాస్త వణికింది. లీవెన్ జైల్లో మందు మానేసినవాడు ఇప్పటిదాకా ముట్టుకోలేదనీ, తాగుడు మానినవాళ్ల కూటానికి ప్రతివారం బస్సెక్కి వెళ్తున్నాడనీ చెప్పింది. ఒక్క చుక్క పడినా మళ్లీ మొదటికొస్తానని తనే ఒప్పుకున్నాడనీ, అంత నిజాయితీగా మాట్లాడినవాణ్ణి తను ఈమధ్య చూడలేదనీ అంది. ఆమాత్రం గుండె నిబ్బరం లేనివాణ్ణి పవిత్రమైన బల్లకు ఎలా రానిస్తామని యోబ్ అడ్డుపడ్డాడు. వాడు మారాడా లేదా, మారితే ఎంత మారాడు, పశ్చాత్తాపాన్ని ఏ కొలతతో కొలవాలి, వీటి మీద వాదన చాలాసేపు నడిచింది. వాడు తగినవాడేనా, తగనివాడా, అంతే. అంతకుమించి ఎవరి బుర్రకూ ఏమీ తట్టలేదు.

చివరికి పాస్టరమ్మ ఆచారం ప్రకారం అడగాల్సింది అడిగింది. ఎవరికైనా అభ్యంతరం ఉందా?

గదిలో ఉన్నవాళ్లందరూ తన్నెకెను చూడకుండా ఉండడానికి నానా తంటాలు పడ్డారు. యోబ్ ఒక్కడే సూటిగా చూశాడు. నోరు తెరిస్తే ఏం వస్తుందో ఆమెకే తెలియదు. తెరిచింది.

"నాకు అభ్యంతరం లేదు" అంది.

సైకిల్ తొక్కుకుంటూ ఇంటికెళ్లి, కోటు విప్పకుండానే, సింకు దగ్గర వాంతి చేసుకుంది.

ఆదివారం నాడు ఎప్పటికంటే ముందే చర్చికి వెళ్లింది. దుప్పటి పరిచింది, రొట్టె సన్నటి ముక్కలుగా కోసింది, గిన్నెలో వైన్ పోసింది. వాళ్లు వాడేది తియ్యటి, చిక్కటి, ఘాటైన పోర్ట్ వైన్. మూత తీస్తే వాసన గదంతా వస్తుంది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, మనసు ఎక్కడో ఉంది. వాడు రాకుండా ఉంటే బాగుండునని దేవుణ్ణి అడిగింది. అడిగినందుకు సిగ్గుపడింది. సిగ్గుపడి మళ్లీ అడిగింది.

వాడు వచ్చాడు. మారీనుస్ కూడా వచ్చాడు, అది ఆమె అనుకోలేదు. బల్లకు రానని ముందే చెప్పేశాడు, తలుపు పక్క బెంచీలో, కోటు గుండీలు కూడా తీయకుండా కూర్చున్నాడు. ప్రసంగం సగంలో పిప్పరమెంటు బిళ్లలు బెంచీల వెంట ఎప్పటిలాగే చేతులు మారాయి. కాగితాలు విప్పిన చప్పుడు తప్ప ఆ రోజు దగ్గు కూడా వినపడలేదు.

పాస్టరమ్మ మొదటి పంక్తిని పిలిచింది. యోబ్ వెళ్లి బల్ల మొదట్లో కూర్చున్నాడు. ఆయన వెంట మరికొందరు. లెతెబ్రహాన్ ఉన్ని మేజోళ్లతో వెళ్లి అవతలి వరసలో కూర్చుంది. అప్పుడు లీవెన్ లేచాడు. అంత పొడుగు నడవ వాడి కోసమే వేసినట్టుంది, ఎంత నడిచినా తరగలేదు. వెళ్లి లెతెబ్రహాన్ పక్కన కూర్చున్నాడు. ఆమెకు పాత కథలు తెలియవు, నవ్వి కొంచెం జరిగింది.

వాడికి రెండో పక్క కుర్చీ ఒకటి ఉంది. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఆ కుర్చీ దాకా రావడం, వేరే కుర్చీ వెతుక్కోవడం. వేరే కుర్చీలు అయిపోయాక, వెనక వచ్చేవాళ్లు రెండో పంక్తికి వస్తామన్నట్టు తమ బెంచీలకు తిరిగి వెళ్లిపోయారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకుండానే ఎంత పని చేయవచ్చో ఆ ఊరివాళ్లకు బాగా తెలుసు. లీవెన్ తెల్లదుప్పటిని చూస్తూ కూర్చున్నాడు, మెడ మీద ఎర్రటి మచ్చలు లేచాయి.

బల్లలో ఖాళీ ఉంటే మొదలుపెట్టకూడదు. పాస్టరమ్మ ఆగింది. ఖాళీ మిగిలితే డీకన్ వచ్చి కూర్చోవాలి, అదీ ఆచారమే. ఆ రోజు డీకన్ తన్నెకె. చర్చి మొత్తానికి ఈ సంగతి ఒక్కసారే గుర్తొచ్చినట్టుంది, తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. గోడ వారగా నిలబడ్డ తన్నెకె తలుపు పక్క బెంచీ వైపు చూసింది. మారీనుస్ తన బూట్ల వైపు చూస్తున్నాడు.

వెళ్లి కూర్చుంది. ఎలా వెళ్లిందో తర్వాత ఎంత తలచుకున్నా ఆమెకు గుర్తు రాలేదు.

రొట్టె వచ్చింది. తను ఒక ముక్క తీసుకుని పళ్లెం వాడికిచ్చింది. వేలికి వేలు తగలకుండా వాడు అందుకున్నాడు. ఇది గడిచింది, ఇంకొక్కటి గడిస్తే చాలు అనుకుంది. గిన్నె యోబ్ దగ్గర బయలుదేరింది. ఒకరి తర్వాత ఒకరు తాగుతూ తన దాకా వచ్చింది. రెండు చేతులతో పట్టుకుని తాగింది. తాగి వాడి వైపు తిరిగింది.

అప్పుడు చూసింది వాడి చేతుల్ని. గిన్నె కోసం చాచిన చేతులు వణుకుతున్నాయి. అది భయంతో వణకడం కాదు. భయంతో వణికే చేతులు వెనక్కి లాక్కుంటాయి, ఇవి ముందుకొస్తున్నాయి. ముక్కుపుటాలు అదిరాయి. గొంతులో ముడి పైకీ కిందికీ కదిలింది. కళ్లు ఆమెను చూడటం లేదు, దేవుణ్ణీ చూడటం లేదు, గిన్నె అంచును చూస్తున్నాయి.

ఒక్క చుక్క పడినా మొదటికొస్తాను.

వాడే చెప్పాడు. అందరూ విన్నారు. పాస్టరమ్మ చెప్పింది, యోబ్ అదే మాట పట్టుకుని వాదించాడు, తను అక్కడే కూర్చుని వింది. విని, పొద్దున్నే వచ్చి, తన చేత్తో తనే వైన్ పోసింది. వాడు బల్లకు తగినవాడా కాదా అని అంతసేపు కొట్టుకున్నారు గానీ, ఆ బల్ల మీద ఏముందో చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

ఇచ్చెయ్ అంది ఆమె లోపల ఒక గొంతు.

మెల్లగా, తియ్యగా అంది. ఇచ్చెయ్, నీదేం తప్పు? ఊరంతా చూస్తోంది, మెచ్చుకుంటుంది. కొడుకును చంపినవాడికి గిన్నె అందించింది, ఎంత గొప్ప మనసని తరతరాలు చెప్పుకుంటారు. రేపటికి వాడు సీసా పట్టుకుంటాడు. ఎల్లుండికి ఏ కాలవలోనో శవమై దొరుకుతాడు, బాస్తియాన్ దొరికినట్టే. ఎవరికీ తెలియదు. దేవుడు కూడా ఏమంటాడు, ఇది ఆయన బల్లే కదా.

గిన్నె వాడి వేళ్ల దాకా వెళ్లింది.

తన్నెకె వెనక్కి లాక్కుంది.

ఎక్కడో ఒక బెంచీ కిర్రుమంది. యోబ్ వీపు కుర్చీకి ఆనించి కూర్చున్నాడు, తాను అన్నదే అయిందన్నట్టు. పాస్టరమ్మ ముఖం పాలిపోయింది. లీవెన్ మాత్రం తల దించుకున్నాడు. తనకు రావలసిందే వచ్చిందనుకున్నాడు.

"నువ్వు మానేసినవాడివి కదా. వైన్ వద్దని చెప్పలేదేం?" అని అడిగింది తన్నెకె. గొంతు తగ్గిద్దామనుకుంది గానీ తగ్గలేదు, చివరి బెంచీ దాకా వినపడింది.

లీవెన్ పెదాలు తడుపుకున్నాడు. "రానిచ్చారు పిన్నీ. అదే ఎక్కువ. ఇంకా అదీ ఇదీ కావాలని అడగమంటావా?"

ఏడేళ్ల తర్వాత పిన్నీ అన్నాడు. చెంప మీద కొట్టినా ఆమెకు అంత తగిలేది కాదు.

"పెదాలకు తాకించి ఇచ్చేద్దామనుకున్నా" అన్నాడు వాడు మళ్లీ, చిన్నగా. "వాసన రాగానే తెలిసింది, ఆగలేనని."

తన్నెకె గిన్నెను బల్ల మీద పెట్టి లేచింది. నడవ వెంట, అందరి ముందు నుంచీ, చర్చి వంటగదిలోకి వెళ్లింది. ఆదివారం బడి పిల్లలకిచ్చే ఆపిల్ రసం తప్ప అక్కడ ఏమీ లేదు. దాన్నే ఒక కాఫీ కప్పులో నిండా పోసుకుని తెచ్చింది. కూర్చోబోతుంటే యోబ్ నోరు విప్పాడు. పిల్లలు తాగేదాన్ని ప్రభుబల్ల మీద పెడతారా, తాతలనాటి నుంచీ ఇక్కడ ఇలాంటిది లేదు అన్నాడు.

"లేదు బావగారూ. తాతలనాటి నుంచీ ఇలాంటివాళ్లు వస్తే ఏం చేశామో నాకు తెలుసు. వాళ్లు బయటే ఉన్నారు, మనం లోపల హాయిగా తాగాం" అంది తన్నెకె.

పాస్టరమ్మ ఇడా ఇంకేమీ ఆలోచించలేదు. వచ్చి ఆ కాఫీ కప్పు మీద చెయ్యి పెట్టి, ఇందాక గిన్నె మీద చెప్పిన మాటలే మళ్లీ మొదటి నుంచీ చెప్పింది. ఈసారి గొంతు వణకలేదు.

తన్నెకె ముందు తను తాగింది. కప్పు వాడి వైపు తిప్పి, వాడికి మాత్రమే వినపడేట్టు చెప్పింది.

"నిన్ను క్షమించాననుకోకు."

"అనుకోను పిన్నీ."

"తాగు."

వాడు తాగాడు. ఈసారి వేలికి వేలు తగిలింది, ఎవరూ లాక్కోలేదు. లెతెబ్రహాన్ కప్పు అందుకుంది. ఏమైందో ఆమెకు సగమే అర్థమైంది, అయినా తాగి పక్కవాళ్లకిచ్చింది. పక్కన ఉన్నది చేపల అంగడి ముసలాయన. గిన్నె వైపు ఒకసారి, కప్పు వైపు ఒకసారి చూసి, కప్పే తీసుకున్నాడు. అలా అది బల్ల చుట్టూ తిరిగి, చివరికి యోబ్ ముందుకు వచ్చింది. ఆయన దాన్ని చాలాసేపు పట్టుకు కూర్చున్నాడు. తాగకుండానే, కానీ పారబోయకుండా, మెల్లగా పాస్టరమ్మ చేతికిచ్చాడు. ఆయనకు అంతవరకే చేతనైంది.

ఆరాధన అయ్యాక తన్నెకె కాఫీకి ఆగలేదు. ఎవరో చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుని బయటికొచ్చింది. మెచ్చుకోళ్లు వినే ఓపిక లేదు, లోపల ఆ తియ్యటి గొంతు ఇంకా వినపడుతోంది. సైకిళ్ల దగ్గర మారీనుస్ నిలబడి ఉన్నాడు, తన సైకిల్ ఒక చేత్తో, ఆమె సైకిల్ ఒక చేత్తో పట్టుకుని. ఇంటికి నడిచే వెళ్దామంటాడేమో అనుకుంది. ఆయన కదల్లేదు.

"గిన్నె ఇచ్చేయబోయావు. చూశాను" అన్నాడు.

"అవును."

"తెలిసే?"

అబద్ధమాడొచ్చు. ముప్పై ఏళ్ల కాపురంలో ఈయనతో ఎన్ని ఆడలేదు. "తెలిసే" అంది.

మారీనుస్ సముద్రం వైపు చూశాడు. గాలికి కళ్లు చికిలించాడు.

"నేనైతే ఇచ్చేవాణ్ణి" అన్నాడు.

అని, ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అన్నట్టు ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. చర్చి గోడకు తల ఆనించి, కొడుకు పేరు పెట్టి పిలుస్తూ, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆయన వదిలేసిన సైకిళ్లు రెండూ పడిపోకుండా తన్నెకె పట్టుకుంది, ఆయన ఏడుపు అయ్యేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.